9 తీసేసే రూల్ పెడితే లోపలి నంబర్లు చెడుతున్నాయి, ఎవరికైనా ఇలా అయ్యిందా?

రాత్రిడ్యూటీ: అన్నలూ, మాది సిస్కో గేట్‌వే, లోపలి ఫోన్లని బయటి లైన్లకి కలిపే పెట్టె. బయటికి 9 కొట్టి డయల్ చేస్తారు, ఆ 9 ట్రంక్‌కి (ఫోన్ కంపెనీ లైన్‌కి) పోకూడదని /9/ తీసెయ్ అని రూల్ రాశా. బయటి కాల్స్ బానే ఉన్నాయి కానీ లోపల 2094 కొడితే 204 అయిపోతోంది. బయట్నుంచి వచ్చే కాలర్ ఐడీకి ప్లస్ రావట్లేదు. ఫ్యాక్స్ కూడా సగంలో తెగుతోంది.

లాగ్‌పురుగు: క్యారెట్ (^, అంటే నంబర్ మొదట్లోనే చూడు అని) ఏది బాబూ? /^9/ అని రాయి. లేకపోతే 9 మొదట ఎక్కడ కనపడితే అక్కడ పీకేస్తుంది. నేనూ ఇదే చేసి రెండు రోజులు ట్రంక్ వాళ్ళని తిట్టా, తీరా చూస్తే తప్పు నాదే.

పాతకాపు: క్యారెట్ ఒక్కటే సరిపోదు. 9 తర్వాత చుక్క పెట్టు, ఎంత పొడుగు నంబరైనా పట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళ బట్టీ ఇదే పని నాది.

లాగ్‌పురుగు: గురూగారూ అది ఆస్టెరిస్క్ (వేరే ఫోన్ సాఫ్ట్‌వేర్) చుక్క. సిస్కోలో చుక్కంటే ఒక్క అంకె. మీరు చెప్పినట్టు /^9./ రాస్తే 9తో పాటు పక్క అంకె కూడా మింగేస్తుంది.

పాతకాపు: నాకు నేర్పుతున్నావా? వందల గేట్‌వేలు నిలబెట్టా.

లాగ్‌పురుగు: నిలబెట్టారు సరే, మోగాయా? టెస్ట్ వాయిస్ ట్రాన్స్‌లేషన్ రూల్ కమాండ్ ఉంది కదా, నంబర్ ఇచ్చి చూడండి, ఏమవుతుందో అదే చెప్తుంది.

మూగఫోను: మీరు చుక్క దగ్గరే కొట్టుకు చావండి, ఎమర్జెన్సీ నంబర్ 112 సంగతి ఎవరైనా చూశారా? మా దగ్గర ఒకాయన ఏ నంబరైనా సరే మొదటి అంకె తీసెయ్ అని పెట్టాడు, 112 కొడితే 12 పోయింది. టెస్ట్‌లో దొరికింది కాబట్టి బతికాం. 112కి ముందే వేరే రూల్ రాసి పైన పెట్టుకోండి, పై నుంచి చూసుకుంటూ వచ్చి మొదట ఏది కలిస్తే అక్కడే ఆగిపోతుంది, కింద ఎంత చక్కగా రాసినా దాని మొహం చూడదు.

కొత్తట్రంక్: ఆడియోకోడ్స్ కంపెనీ గేట్‌వేల్లో ఇంకో తలనొప్పి, రూటింగ్ (కాల్ ఎటు పంపాలో చూడటం) ముందా మానిప్యులేషన్ (నంబర్ మార్చడం) ముందా అని సెట్టింగ్ ఉంటుంది, అది తిరగబడితే రూటింగ్ టేబుల్లో 9తో రాశామో 9 లేకుండా రాశామో మనకే గుర్తుండదు

పాతకాపు: ఆయన అడిగింది సిస్కో.

కొత్తట్రంక్: మీరు చెప్పింది ఆస్టెరిస్క్ కదా మరి 😀

మూగఫోను: ప్లస్ సంగతి, ఊరికే ముందు ప్లస్ తగిలిస్తే లాభంలేదు. ఈ.164 అనే అంతర్జాతీయ నంబర్ల పద్ధతిలో ప్లస్ తర్వాత దేశం కోడ్ ఉండాలి, మొత్తం 15 అంకెలు దాటకూడదు. మీ ట్రంక్ దేశం కోడ్ ఇస్తోందో లేదో ముందు లాగ్‌లో చూడు. అదీ సోర్స్ (కాల్ చేసేవాళ్ళ) నంబర్‌కి రాయి, డెస్టినేషన్‌కి (కాల్ వెళ్ళే నంబర్‌కి) కాదు.

రాత్రిడ్యూటీ: క్యారెట్ పెట్టా, 2094 మోగింది 🙏 కానీ స్టోర్‌లో 9012 అని ఎక్స్‌టెన్షన్ ఉంది, ఇప్పుడది 012 అయిపోతోంది.

పాతకాపు: పొడుగు చూసుకోమని అందుకే మొత్తుకున్నా.

లాగ్‌పురుగు: మీరన్నది చుక్క!! తమ్ముడూ, ఆ రూల్‌ని లోపలి కాల్స్‌కి తగిలించకు, ట్రంక్‌కి వెళ్ళే డయల్ పీర్‌కి (ఏ నంబర్ ఎటు పోవాలో చెప్పే సిస్కో ఎంట్రీకి) మాత్రమే పెట్టు.

రాత్రిడ్యూటీ: సరే అన్నా. మరి ఫ్యాక్స్?