అమెరికాలో చిన్న లీగ్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో వాటా, 40 లక్షలు పెట్టొచ్చా?

మిర్చియార్డు శ్రీను:

నమస్కారం అండి. మాది గుంటూరు, కొరిటెపాడు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. పోయినేడు పెదకాకాని దగ్గర స్థలం అమ్మిన డబ్బు బ్యాంకులో ఉంది. మా అక్కావాళ్ళు టెక్సస్‌లో ఉంటారు. వాళ్ళ ఊరికి దగ్గర్లో ఒక చిన్న బాస్కెట్‌బాల్ లీగ్ టీమ్ అమ్మకానికి వచ్చిందట. నలుగురు కలిసి కొంటున్నారు, నన్ను ఐదో వాటాదారుగా రమ్మని బావగారు అడుగుతున్నారు. నా వాటా మన డబ్బుల్లో 40 లక్షలు. అక్కడి పెద్ద లీగ్ ఎన్‌బీఏ టీములు వేల కోట్లు పలుకుతున్నాయి, ఇది దానికి కింది మెట్టు, పదేళ్ళు ఓపిక పడితే చాలు అంటున్నారాయన. నాకు ఆట గురించి ఏమీ తెలియదు. కాదంటే అక్క ఏమనుకుంటుందోనని టెన్షన్‌గా ఉంది. ఈ వ్యాపారంలో డబ్బు ఎటునుంచి వస్తుందో, ఎటు పోతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

తెల్లవారుజాము మ్యాచ్:

ముందు లీగ్ పేరు కనుక్కోండి. ఎన్‌బీఏకి కింది మెట్టు అంటే జీ లీగ్ ఒక్కటే. 2001లో డెవలప్‌మెంట్ లీగ్‌గా మొదలై, 2017లో ఈ పేరు పెట్టుకుంది. అందులో చాలావరకు టీములు ఎన్‌బీఏ క్లబ్బుల సొంతం. ఆటగాళ్ళను తయారుచేసుకునే చోటు కాబట్టి నష్టం వచ్చినా క్లబ్బులు భరిస్తాయి. 2023-24 సీజన్‌కి అక్కడ ఆటగాడి మామూలు జీతం 40,500 డాలర్లు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఆట ఖర్చంతా పై క్లబ్ పెట్టుకుని, టికెట్లు, స్పాన్సర్ల వ్యాపారం ఊళ్ళో యజమానికి వదిలేస్తుంది. 2009లో ఎన్‌బీఏ క్లబ్ హ్యూస్టన్ రాకెట్స్, కింది లీగ్ టీమ్ రియో గ్రాండే వ్యాలీ వైపర్స్ అలా కలిశాయి. అదీ టెక్ససే, మీ బావగారికి తెలిసే ఉంటుంది. మీకు చూపిస్తున్న టీమ్ ఈ రెండు రకాల్లో ఏదీ కాకపోతే, దానికీ ఎన్‌బీఏకీ సంబంధం లేదు.

ఆటోనగర్ ఐదో నంబర్:

శ్రీను గారూ, నాకు విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు ఉంది. కాలేజీ రోజుల్లో ఐదో నంబర్ జెర్సీతో బాస్కెట్‌బాల్ ఆడాను. ఆ ప్రేమతోనే కొన్నేళ్ళ క్రితం మన దగ్గర ఒక చిన్న లీగ్ పెడుతున్నామని వస్తే ఒక టీమ్ తీసుకున్నాను. ఆ లెక్కల నోటుబుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులోంచే చెబుతున్నా.

ఫ్రాంచైజీ ఫీజు నాలుగు లక్షలు. పన్నెండు మంది కుర్రాళ్ళకు తలా ఇరవై వేలు, కోచ్‌కి యాభై. బయటి ఊళ్ళ వాళ్ళకు గది, భోజనం లక్షా పది. జెర్సీలు, బూట్లు, బంతులు, ఫిజియో, ప్రయాణాలు కలిపి ఇంకో లక్షా అరవై. మొత్తం 9,60,000.

ఇక వచ్చింది చూడండి. ఒక కోచింగ్ కాలేజీ లక్షన్నర ఇచ్చింది. టైర్ల డీలర్ ఒకాయన నా మొహం చూసి డెబ్బై ఐదు వేలు ఇచ్చారు. ఒక హోటల్ వాళ్ళు డబ్బు ఇవ్వలేం, కుర్రాళ్ళకు టిఫిన్ పెడతాం అన్నారు, మాట తప్పకుండా పెట్టారు. టికెట్ యాభై రూపాయలు. మూడో మ్యాచ్‌కి హాల్లో ఆరు వందల మంది ఉన్నారు. కళ్ళు చెమర్చాయి నాకు. ఇంటికెళ్ళి లెక్క చూస్తే తెగిన టికెట్లు 190. మిగతావన్నీ పాసులే. కాలనీ వాళ్ళు, చుట్టాలు, స్పాన్సర్ మనుషులు, హాలు వాళ్ళ మనుషులు. మన ఊళ్ళో ఆట చూడ్డానికి వస్తారు, కానీ ముందు "పాసులున్నాయా బాబాయ్" అని ఫోన్ చేస్తారు. కాదనలేం. ఐదు మ్యాచ్‌ల టికెట్ డబ్బు కలిపి 46,000. టీలు, సమోసాలు, పార్కింగ్ డబ్బులు హాలు కాంట్రాక్టర్‌వి, మాకు పైసా రాలేదు.

లాభం చూపించింది ఒక్కటే, పిల్లల సమ్మర్ క్యాంప్. 58 మంది పిల్లలు, తలా రెండు వేలు, ఖర్చులు పోగా 70,000 మిగిలింది. వచ్చే ఏడు క్యాంపు ఇంకా పెద్దగా పెడదామనుకున్నాను. వచ్చే ఏడు లీగే లేదు. ఆరు లక్షల పందొమ్మిది వేలు పోయింది. టీమ్ అమ్ముదామన్నా, లీగ్ లేనప్పుడు అమ్మడానికి నా దగ్గర జెర్సీలు తప్ప ఏమున్నాయి?

అమెరికాలోనూ ఇదే జరిగింది. కాంటినెంటల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ అని 1946 నుంచి నడిచిన లీగ్ ఉండేది. 1999లో ఐజయా థామస్ మొత్తం లీగ్‌ని దాదాపు కోటి డాలర్లకు కొన్నారు. ఎన్‌బీఏలో డెట్రాయిట్ పిస్టన్స్‌కి రెండు టైటిళ్ళు తెచ్చిన ఆటగాడాయన. 2001 ఫిబ్రవరిలో సీజన్ మధ్యలోనే లీగ్ ఆగిపోయింది. యాభై ఏళ్ళ పేరు, అంత పెద్ద ఆటగాడి అండ ఉండి కూడా.

ఎన్‌బీఏ టీమ్‌కి ఆ రేటు ఎందుకు? 2025-26 నుంచి పదకొండేళ్ళ టీవీ ఒప్పందం 7,600 కోట్ల డాలర్లు. దాన్ని పంచుకునేది 30 టీములే, కొత్తవాడు రావాలంటే వాళ్ళు ఒప్పుకోవాలి. చిన్న లీగ్‌కి ఆ టీవీ డబ్బు ఉండదు. పైగా ఫీజు కట్టినవాళ్ళకల్లా కొత్త టీమ్ ఇస్తూ పోతే, పదేళ్ళ తర్వాత మీ పాత టీమ్‌ని ఎక్కువ పెట్టి ఎవరు కొంటారు?

బావగారిని అడగాల్సినవి అడగండి. హాలు అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉంది, క్యాంటీన్ డబ్బు ఎవరిది, ఆటగాడికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఎవరు కడతారు. అన్నిటికన్నా ముఖ్యం, సీజన్ మధ్యలో డబ్బు అయిపోతే వాటాదారులు మళ్ళీ వేయాలా? నేను ఫీజు కట్టిన రోజున అదే చివరి ఖర్చు అనుకున్నాను. ఇంకో మాట. ఆ ఊళ్ళో షాపు షాపుకీ తిరిగి స్పాన్సర్లను తెచ్చేది ఎవరు? ఈ వ్యాపారమంతా ఆ తిరుగుడే. మీరు గుంటూరులో కూర్చుని చేయలేరు.

మా టీమ్‌లో తెనాలి కుర్రాడు ఒకడికి తర్వాత రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వచ్చింది. స్వీట్ బాక్స్ పట్టుకుని షాపుకొచ్చాడు. నేను డబ్బు పోగొట్టుకున్నందుకు బాధపడ్డాను గానీ టీమ్ తీసుకున్నందుకు బాధపడలేదు. అలాంటి ఆనందం కోసమైతే, పోయినా తట్టుకునేంత పెట్టండి. స్థలం అమ్మిన డబ్బు పెట్టకండి.

సూర్యారావుపేట ఆడిటర్:

డబ్బు పంపే సంగతి కూడా చూసుకోండి. విదేశాలకు డబ్బు పంపుకునే రిజర్వ్ బ్యాంక్ పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు పంపొచ్చు, కాబట్టి 40 లక్షలు పరిమితిలోనే ఉంది. కానీ పది లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందుగా వసూలు చేసే పన్ను, పట్టుకుంటుంది. అంటే ముప్పై లక్షల మీద ఆరు లక్షలు అదనంగా సిద్ధంగా ఉండాలి. ఇన్‌కమ్ టాక్స్‌లో సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుంటుంది. లిస్ట్ కాని కంపెనీలో వాటా కాబట్టి ఇది ఓడీఐ, అంటే విదేశంలో నేరుగా పెట్టే పెట్టుబడి, కిందికి వస్తుంది. డబ్బు పంపకముందే బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ ఇచ్చి రిజర్వ్ బ్యాంక్ నంబర్ తీసుకోవాలి. ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల కింద చూపించాలి. బావగారి ఖాతాలో వేసి ఆయన పేరున కొనమనే పని మాత్రం చేయకండి.

మిర్చియార్డు శ్రీను:

అందరికీ కృతజ్ఞతలు. ఐదో నంబర్ గారూ, మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని రాత్రి బావగారికి ఫోన్ చేశాను. హాలు లీగ్ వాళ్ళ పేరున ఉందట, క్యాంటీన్ హాలు వాళ్ళదట. డబ్బు మళ్ళీ వేయాలా అంటే ఆ విషయం ఒప్పందంలో చూసి చెబుతానన్నారు. అంటే ఆయన కూడా ఇంకా చదవలేదు. పక్కనుంచి అక్కే ఫోన్ తీసుకుని, "చదవకుండా తమ్ముడి డబ్బు ఎలా అడుగుతారండీ" అని ఆయన్ని కేకలేసింది. ఒప్పందం కాపీ, పోయిన మూడు సీజన్ల లెక్కలు పంపమన్నాను. వచ్చాక ఇక్కడే రాస్తాను.