"అట్నేలే, చూద్దాం" అంటే ఒప్పుకున్నట్టా?

ప్రశ్న: నెల్లూరు, ఒంగోలు వైపు "అట్నేలే, చూద్దాం" అంటే ఒప్పుకోలా, దాటవేతా? విదేశాల్లో పనిచేసే మేనేజర్ల పాఠంలో ఉదాహరణగా పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చన్నా. కిటుకంతా "లే"లో ఉంది. "అట్నే" అని కరాఖండీగా అంటే ఒప్పుకున్నట్టే. "లే" చేరి, గొంతు సాగి, వెంటనే "చూద్దాం" వచ్చిందంటే మొహమ్మీద కాదనలేకపోతున్నారని. జపాన్ ఆఫీసుల్లో "కెంతో షిమస్", అంటే పరిశీలిస్తాం, చాలాసార్లు ఇదే పని చేస్తుంది. చీమకుర్తి గ్రానైటు కొనడానికొచ్చిన జర్మన్ మేనేజరు ఈ "చూద్దాం"ని ఒప్పుకోలుగా రాసుకుంటే, కంటైనర్ వచ్చి నిలబడుతుంది, పలకలు మాత్రం పాలిషింగ్‌లోనే ఉంటాయి. మనవాళ్లు జర్మనీకెళ్లి ఇదే మాట ఇంగ్లీషులో అన్నా గొడవే. ఆ దేశంలో కుదరనిది కుదరదని ముందే చెప్పడం మర్యాద.

ఇంకో జవాబు: ఇలాంటి మాటల్ని సరిగా పట్టుకుని, వేరే సంస్కృతివాళ్లతో నెగ్గుకొచ్చే నేర్పుని సాంస్కృతిక ప్రజ్ఞ అంటారు. ఈ భావనను పరిశోధకులు ఎర్లీ, సూన్ ఆంగ్ 2003లో పుస్తకంగా తెచ్చారు. 2007లో ఆంగ్ బృందం దాన్ని కొలిచే 20 ప్రశ్నల కొలమానం ప్రచురించింది. అందులో నాలుగు పాళ్లు: ఎరుక, తెలిసిన సంగతులు, ఉత్సాహం, నడత. ఇక్కడే నాకు పట్టింపు. వెళ్లే దేశపు పండగలు, పలకరింపులు బట్టీపట్టిస్తే చాలనుకునే శిక్షణలు ఎక్కువ. ఆ అధ్యయనంలో తెలిసిన సంగతులు పరిస్థితిని అంచనా వేయడానికి పనికొచ్చాయి. ఉద్యోగంలో పనితీరుతో ముడిపడ్డవి మాత్రం ఎరుక, నడత. అంటే మాట నడుస్తుండగానే "నేను అనుకున్న అర్థం సరైందేనా" అని సరిచూసుకోవడం, దాన్నిబట్టి అడిగే తీరు మార్చుకోవడం.

మళ్లీ మొదటాయన: మరి "చూద్దాం" విన్న మేనేజరు ఏం చేయాలి?

జవాబు: "అవునా, కాదా" అని నిలదీయకూడదు, ఇంకో "అట్నేలే" వస్తుందంతే. "2 సెంటీమీటర్ల పలకలు గురువారానికి ఎన్ని పాలిష్ అవుతాయి? ఎవరు చూసుకుంటున్నారు? దేనివల్ల ఆగొచ్చు?" అని అడగాలి. "కరెంటుని బట్టి సార్" అన్నారంటే అసలు జవాబు దొరికినట్టు, తేదీ అప్పుడే జరపాలి. నలుగురి ముందు అడిగితే ఇది కూడా చెప్పరు. పక్కకు పిలిచి, టీ తాగుతూ అడగండి. ఒప్పుకున్న లెక్క ఆ సాయంత్రమే వాట్సాప్‌లో రాసి పంపండి. తేడా ఉంటే అక్కడ దిద్దుతారు, ఎదురుగా దిద్దడానికి మొహమాటపడేవాళ్లు కూడా.