డ్రౌప్నర్ రాకాసి అల: అస్థిరత పనా, కాదా?

సముద్రపిచ్చి:
1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో నార్వేవాళ్ళ డ్రౌప్నర్ గ్యాస్ ప్లాట్‌ఫాం దగ్గర 25.6 మీటర్ల అల నమోదైంది. ఆ తుఫానులో పెద్ద అలల (పై మూడోవంతు) సగటు ఎత్తు సుమారు 12 మీటర్లే. ఇది బెంజమిన్-ఫీర్ అస్థిరతే అంటాను. లోతు నీటిలో ఒకే తీరున సాగే అలల వరస నిలవదని, చిన్న ఒడుదొడుకే పెరిగి శక్తంతా ఒకచోటికి చేరుతుందని 1967లోనే తేలింది. 2011లో ప్రయోగశాల తొట్టిలో పెరిగ్రిన్ సాలిటాన్‌నే (ఈ అస్థిరత లెక్క చెప్పే, ఒకచోట కాసేపే లేచి మాయమయ్యే అల) పుట్టించారు. ఇంకేం కావాలి?

లెక్కలమాస్టారు:
ఆ తొట్టి పొడవు 15 మీటర్లు తమ్ముడూ, అల ఎత్తు సెంటీమీటర్లలో! పైగా అలలన్నీ ఒకే దిక్కుకి. తుఫానులో అలలు నానా దిక్కులకీ చెదిరిపోతాయి, అప్పుడు ఈ అస్థిరత బాగా నీరసిస్తుంది. పైన చెప్పిన సగటుకి రెట్టింపు దాటే అల, మామూలు యాదృచ్ఛిక లెక్కలోనే (అలలు వాటంతటవే ఎలాపడితే అలా కలుస్తాయనుకునే లెక్క) 3000కి ఒకటి వస్తుంది. 12 సెకన్లకో అల అనుకుంటే, 10 గంటలకి ఒకటి. దీనికి రాకాసి దేనికి?

సముద్రపిచ్చి:
ఎత్తు సరే మాస్టారూ, శిఖరం సంగతి? సగటు మట్టం మీద 18.5 మీటర్లు లేచింది. మీ సూత్రంలోనే వేయండి, సుమారు 18 కోట్లకి ఒకటి వస్తుందంతే.

లెక్కలమాస్టారు:
మంచి పాయింట్. కానీ అది సరళ లెక్క, అంటే అలలని ఊరికే ఒకదానిమీద ఒకటి కూడే లెక్క. నిజం అలలకి శిఖరం మొనదేలుతుంది, పల్లం చదునవుతుంది. ఆ సవరణ వేస్తే అంత అరుదేమీ కాదు. 2016లో డ్రౌప్నర్‌తో పాటు మరో రెండు అలలని ఇలాగే, అస్థిరత ఊసు లేకుండా వివరించారు. ఇంకోటి, నాకు అన్నిటికన్నా నచ్చింది: పెద్ద అలల గుంపు కింద సగటు నీటిమట్టం కాస్త కుంగాలి. డ్రౌప్నర్ దగ్గర పైకి లేచింది! రెండు గుంపులు పెద్ద కోణంలో ఢీకొంటేనే అలా అవుతుంది. 2019లో ఎడిన్‌బరా గుండ్రటి తొట్టిలో 120 డిగ్రీల కోణంలో అలలని కలిపితే అదే ఆకారం వచ్చింది.

డెక్_క్యాడెట్:
ఇద్దరికీ ఒక మాట. అక్కడ కొలిచింది ఒక్క లేజర్, ఒక్క చోట. ఏ అల ఏ వైపు నుంచి వచ్చిందో ఆ రికార్డులో లేదు. 120 డిగ్రీలు ఊహించి తెచ్చిన అంకె మాస్టారూ. పక్కనే ఇంకో రెండు లేజర్లుంటే ఈ గొడవ ఇంతదాకా వచ్చేది కాదు.

సముద్రపిచ్చి:
అదీ! నేను ఇంకా ఓడిపోలేదన్నమాట.