స్లైడులో చారలు కనిపించకపోతే అది ఏ కండరమో ఎలా చెప్పాలి?

ప్రశ్న (ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం)

అందరికీ నమస్కారం. హిస్టాలజీలో (కణజాలాల చదువు) కండరాల స్లైడు పెడితే చాలు, నాకు కాళ్లూ చేతులూ ఆడవు. మొన్న ఇంటర్నల్స్‌లో పెట్టిన స్పాటర్‌లో (చూసి గుర్తుపట్టాల్సిన స్లైడు) గులాబీ రంగు ముక్కలు పక్కపక్కనే సర్దినట్టు ఉన్నాయి, చార ఒక్కటి కూడా లేదు. రేఖిత కండరమంటే గీతలుండాలని స్కూల్లో తెలుగు మీడియంలో చదివినప్పటి నుంచీ బుర్రలో ఉండిపోయింది. గీతల్లేవు కదా అని నునుపు కండరమని రాశాను. తీరా చూస్తే అది అస్థి కండరమట, అంటే ఎముకలకి అతుక్కుని ఉండే రేఖిత కండరం! చారలు లేకుండా అస్థి కండరం ఎలా అవుతుంది? ఇంకో వారంలో ప్రాక్టికల్ పరీక్ష. టెన్షన్‌గా ఉంది.

జవాబు (నర్సింగ్ మూడో సంవత్సరం)

నేను సింపుల్‌గా గుర్తుపెట్టుకున్నా. కణంలో ఒక్క కేంద్రకం ఉంటే గుండె, రెండు కనిపిస్తే అస్థి కండరం. నాకు ఇప్పటిదాకా తప్పలేదు.

జవాబు (అనాటమీ ట్యూటర్)

పైన చెప్పిన చిట్కాతో జాగ్రత్తమ్మా, ఏదో ఒకరోజు దెబ్బ కొడుతుంది. గుండె కండర కణాల్లో కొన్నింటికి రెండు కేంద్రకాలు మామూలే. చూడాల్సింది ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఎక్కడ ఉన్నాయన్నది.

ఇప్పుడు అసలు ప్రశ్న. తమ్ముడూ, నువ్వు చూసింది అడ్డకోత. చారలు పోగుకి అడ్డంగా ఉంటాయి, పోగు పొడవునా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. చెరుకుగడను నిలువుగా చీలిస్తే కణుపులన్నీ వరసగా కనిపిస్తాయి. అడ్డంగా నరికితే కనిపించేది ఒక గుండ్రటి ముఖమే, అందులో కణుపుల వరస ఎక్కడుంటుంది? కాబట్టి అడ్డకోతలో చారల కోసం వెతకడం దండగ. కేంద్రకాలు చూడు.

అస్థి కండరంలో ఒక్కో పోగుకి చాలా కేంద్రకాలు, అన్నీ అంచునే, పొరకి అతుక్కున్నట్టు ఉంటాయి. పోగు మందం 10 నుంచి 100 మైక్రోమీటర్ల దాకా ఉండొచ్చు, అడ్డకోతలో మూలలు తేలిన ముక్కల్లా కనిపిస్తుంది. గుండెలో కేంద్రకం నడిమధ్యన, దాని చుట్టూ కాస్త వెలిసిపోయినట్టు ఉంటుంది. ముక్కల మధ్య సందుల్లో సన్నటి రక్తకేశనాళికలు విపరీతంగా ఉంటాయి. నునుపు కండరంలోనూ కేంద్రకం మధ్యనే, కానీ కణాలు కదురు ఆకారంలో ఉంటాయి కాబట్టి అడ్డంగా కోస్తే కొన్ని పెద్ద చుక్కలు, కొన్ని చిన్న చుక్కలు వస్తాయి. కత్తి కణం నడుముకి తగిలిన చోటే కేంద్రకం కనిపిస్తుంది, కొసకి తగిలితే ఖాళీ గులాబీ చుక్కే. ఈ చిన్నా పెద్దా చుక్కల కలగాపులగం చూశావంటే ఇక అనుమానం అక్కర్లేదు.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్)

మేడమ్ చెప్పినదానికి మైక్రోస్కోపు సంగతి ఒకటి కలుపుతా. నిలువు కోతలో కూడా చారలు కనిపించట్లేదని చాలామంది అంటారు. దగ్గరికెళ్లి చూస్తే లైటు ఫుల్లుగా పెట్టి ఉంటుంది. 40 లెన్స్‌కి వెళ్లాక కండెన్సర్ (స్లైడు కింద వెలుగుని కూడగట్టే కటకం) దగ్గరున్న ఐరిస్‌ని, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని, కొంచెం మూయండి, ఫైన్ ఫోకస్ అటూ ఇటూ కదపండి. చారలు తేలతాయి. గుండెలో ఇవి అస్థి కండరంలో అంత కొట్టొచ్చినట్టు ఉండవు, ఓపిక పట్టాలి.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ మేడమ్, థాంక్స్ అన్నా. చెరుకుగడ పోలికతో వెలిగింది. ఇంకో రెండు డౌట్లు. గుండె స్లైడులో నిలువు కోతలో మెట్లు మెట్లుగా ముదురు గీతలు కనిపించాయి, అవి కూడా చారలేనా? రెండోది, స్నాయుబంధనం (టెండన్) స్లైడునీ నునుపు కండరాన్నీ విడదీయలేకపోతున్నా. రెండూ గులాబీ అలల్లాగే ఉన్నాయి.

జవాబు (అనాటమీ ట్యూటర్)

మెట్లలా ఉన్నవి చారలు కావు, ఇంటర్‌కలేటెడ్ డిస్కులు. ఒక గుండె కణం ఇంకో కణానికి అతుక్కున్న చోట్లు. గుండె పోగులు కొమ్మలు చీలి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఆ అతుకులు రెండు పనులు చేస్తాయి: నిమిషానికి 70 సార్లు లాగినా కణాలు ఊడిపోకుండా పట్టి ఉంచుతాయి, అక్కడున్న గ్యాప్ జంక్షన్ల గుండా విద్యుత్ ప్రేరణను పక్క కణానికి దాటిస్తాయి. గుండె గది మొత్తం ఒక్కటిగా ముడుచుకునేది అందుకే. అస్థి కండరంలో ఆ సౌకర్యం లేదు, ప్రతి పోగుకీ నాడి కొస వచ్చి విడిగా ఆజ్ఞ ఇవ్వాలి.

వైవాలో అడిగేది ఇంకొకటుంది, పిక్క పట్టేసినట్టు గుండె ఎందుకు పట్టేయదని. గుండె కణం ఒకసారి స్పందించాక దాదాపు 250 మిల్లీసెకన్ల పాటు మరో ప్రేరణను లెక్కచేయదు. ఆలోపు ముడుచుకోవడం దాదాపు పూర్తయి సడలడం మొదలవుతుంది. అస్థి కండరంలో ఈ విరామం కొన్ని మిల్లీసెకన్లే, అందుకే ప్రేరణలు వెంటవెంటనే వస్తే బిగుసుకుపోతుంది.

టెండన్ సంగతికొస్తే, అక్కడ గులాబీ రంగులో ఉన్నది కణం కాదు, కొల్లాజెన్ పోగు. కణాల కేంద్రకాలు ఆ పోగుల మధ్య సందుల్లో నలిగిపోయి, సన్నటి గీతల్లా వరసగా ఉంటాయి. నునుపు కండరంలో కేంద్రకం గులాబీ కణం లోపలే ఉంటుంది, మొద్దుగా, సిగార్‌లా. ముడుచుకున్న స్థితిలో కణజాలాన్ని భద్రపరిచి ఉంటే ఆ కేంద్రకం స్క్రూలా మెలి తిరిగి కనిపిస్తుంది. ఆ మెలిక టెండన్‌లో ఉండదు.

స్లైడు పక్కన పెట్టి ఈ ఆదివారం చికెన్ షాపుకెళ్లు. లెగ్గు, గుండెకాయ, కందనకాయ అడుగు. మూడు కండరాలూ ఒకే కవర్లో ఇంటికొస్తాయి. లెగ్గు ఉడికాక పోగులు పోగులుగా ఊడొస్తుంది, అవి పోగుల కట్టలు. కందనకాయలో ఎక్కువ భాగం నునుపు కండరమే. మామూలుగా నునుపు కండరమంటే మెత్తగా, నిదానంగా ఉంటుందనుకుంటాం, ఇది మాత్రం గింజల్ని నలగ్గొడుతుంది!

జవాబు (నర్సింగ్ మూడో సంవత్సరం)

నా చిట్కా వెనక్కి తీసుకుంటున్నా మేడమ్. ఒక డౌటు. నునుపు కండరంలో ఆక్టిన్, మయోసిన్ (కండరాన్ని ముడిచే ప్రోటీన్ తంతువులు) ఉన్నాయి కదా, మరి చారలెందుకు లేవు?

జవాబు (అనాటమీ ట్యూటర్)

ఉన్నాయి, కానీ వరసలో లేవు. అస్థి కండరంలో సార్కోమియర్లు (ఈ తంతువులు సర్దుకున్న చిన్న చిన్న గదులు), ఒక్కోటి రెండు మైక్రోమీటర్లకు కాస్త ఎక్కువ, పక్కపక్క తంతువుల్లో ఒకే గీతకి సర్దుకుని ఉంటాయి. ఆ సర్దుబాటే మనకి చారగా కనిపిస్తుంది. నునుపు కండరంలో తంతువులు కణంలో ఏటవాలుగా, డెన్స్ బాడీలనే ముడులకి కట్టుకుని ఉంటాయి. అన్నట్టు, అందులో ట్రోపోనిన్ (అస్థి కండరంలో కాల్షియాన్ని పట్టుకుని ముడుచుకోవడాన్ని మొదలుపెట్టే ప్రోటీన్) ఉండదు, కాల్షియం కాల్మోడ్యులిన్ అనే ఇంకో ప్రోటీన్‌తో కలిసి పని నడిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు (ఐదు రోజుల తర్వాత)

ప్రాక్టికల్ అయింది. గుండె నిలువు కోత వచ్చింది, డిస్కులు చూసి రాశాను. ఇంకో స్లైడు దగ్గర మాత్రం బుర్ర తిరిగింది. ఒకే గోడలో కొన్ని పోగులకి చారలున్నాయి, పక్కనే చారల్లేని కదురు కణాలు. లోపలి వైపు మందపాటి పొలుసుల పొర. స్లైడు కలిసిపోయిందేమో అనుకున్నా, ఏం రాయాలో తెలియక అన్నవాహిక అని మాత్రం రాసి వచ్చేశా.

జవాబు (అనాటమీ ట్యూటర్)

కలిసిపోలేదు, సరిగ్గానే రాశావు. అన్నవాహిక పై మూడో వంతులో అస్థి కండరం, కింది మూడో వంతులో నునుపు కండరం, నడుమ రెండూ ఉంటాయి. నీకు పెట్టింది మధ్య భాగం. ఆ ఒక్క మాట కూడా రాసి ఉంటే బాగుండేది.