పాత 5 హెచ్‌పీ ఇంజిన్‌తో ఇంధనాలు, ఆయిళ్లు పోల్చే టెస్ట్ రిగ్: బ్యూరెట్, స్టాప్‌వాచ్ సరిపోతాయా?

గోదావరి గట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మెకానికల్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. మా బ్యాచ్‌లో నలుగురం. కరెంటు మోటారు వచ్చాక మా తాతగారి పొలం షెడ్డులో మూలపడ్డ డీజిల్ ఇంజిన్ ఒకటి ఉంది. సింగిల్ సిలిండర్, నీళ్లతో చల్లబడే రకం, 5 హెచ్‌పీ, 1500 ఆర్‌పీఎం, బోరు 80, స్ట్రోకు 110. దాన్ని కాలేజీకి తెచ్చి, రింగులు మార్చి నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే మూతి) సెట్ చేయించాం. ఇప్పుడు బాగానే పలుకుతోంది.

దీని మీద మామూలు డీజిల్‌నీ, కానుగ బయోడీజిల్ 20 శాతం కలిపిన డీజిల్‌నీ (బీ20) పోల్చాలి. టైము మిగిలితే రెండు రకాల ఇంజిన్ ఆయిళ్లు కూడా. బడ్జెట్ మొత్తం 40 వేలు. ఇంజిన్‌కి లోడు పెట్టి పవరు కొలిచే ఎడ్డీ కరెంట్ డైనమోమీటర్ ధర అడిగి మెల్లగా ఫోన్ పెట్టేశాం. రోప్ బ్రేక్ (తిరిగే డ్రమ్ముకి తాడు బిగించి లోడు పెట్టే పద్ధతి) పెట్టి, 10 మి.లీ. బ్యూరెట్ (గీతలున్న గాజు గొట్టం), స్టాప్‌వాచ్‌తో ఇంధనం కొలవాలని ప్లాను. గైడ్ గారు "ఎప్పట్నుంచో అందరూ అలాగే చేస్తున్నారు, సరిపోతుంది" అన్నారు. సరిపోతుందా? ఇంకేమైనా కొనాలా?

కొలతల మాస్టారు:

బాబూ, ఏం కొనాలో తరవాత చూద్దాం. ముందు కాగితం మీద ఒక లెక్క వేద్దాం.

5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. ఇలాంటి ఇంజిన్ ఫుల్ లోడ్‌లో కిలోవాట్ గంటకు సుమారు 250 గ్రాముల డీజిల్ తాగుతుంది. అంటే నిమిషానికి 15 గ్రాముల పైచిలుకు, మిల్లీలీటర్లలో 18 నుంచి 19. నీ 10 మి.లీ. బ్యూరెట్ ఖాళీ కావడానికి 32 సెకన్లు పడుతుంది. గీత దాటగానే బొటనవేలు నొక్కడంలో మనిషికి అటూ ఇటూ మూడోవంతు సెకను తప్పు వస్తుంది. అది 1 శాతం.

ఇక నువ్వు పట్టుకోవాలనుకుంటున్న తేడా చూడు. డీజిల్ సాంద్రత 0.83, కిలోకు 42.5 మెగాజౌళ్లు అనుకుందాం. బయోడీజిల్ సాంద్రత 0.885, కిలోకు 37.5. లీటరు లెక్కన డీజిల్‌లో 35.3 మెగాజౌళ్లు, బీ20లో 34.9. తేడా సుమారు 1.2 శాతం. కొలతలో తప్పు 1, కొలవాల్సిన తేడా 1.2. చేప కంటే వల కన్ను పెద్దదైతే ఏం పడుతుంది?

అందుకని బ్యూరెట్ మానెయ్. ఇంధనాన్ని తూకం వెయ్. 5 కిలోల దాకా తూగి 0.1 గ్రాము చూపించే ఎలక్ట్రానిక్ కాటా కొను. ఇంధనం డబ్బాను దాని మీద పెట్టి పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు తగ్గిందో రాసుకో. సుమారు 154 గ్రాములు తగ్గుతుంది. అందులో అర గ్రాము తప్పు పోయినా 0.3 శాతమే. పైగా తూకంలో తేడా కూడా పెద్దగా కనిపిస్తుంది. కిలో లెక్కన బీ20లో 2.5 శాతం శక్తి తక్కువ కాబట్టి, అదే లోడుకి దాదాపు 2.5 శాతం ఎక్కువ గ్రాములు తాగాలి. ఎండ వేడికి డీజిల్ ఉబ్బి లీటరు లెక్క మారే బెడద కూడా తూకంలో లేదు.

డీజిల్ షెడ్డు, కరీంనగర్:

మాస్టారు చెప్పింది మంచిగుంది. కానీ తమ్మీ, నాజిల్ మీద నుంచి సన్న పైపు ఒకటి వస్తది చూడు, లీక్ డీజిల్ వెనక్కి పోయేది. దాన్ని పాత ట్యాంకులకే వదిలితే, ఇంజిన్ కాల్చని డీజిల్ కూడా కాల్చిన లెక్కల పడ్తది. ఆ పైపును కాటా మీదున్న డబ్బాలకే తెచ్చి పెట్టు. పైపులు డబ్బాకు ఆనకుండ పైనుంచి వేలాడాలె. రబ్బరు పైపు బిర్రుగుంటే డబ్బాను పైకి గుంజుతది, ఇంజిన్ అదిరినప్పుడల్లా కాటా మీద అంకెలు ఎగురుతయి. కాటాను ఇంజిన్ బేస్ మీద కాదు, వేరే గోడకు బండ కట్టి పెట్టు.

ఇంకోటి. డీజిల్ మార్చంగనే రీడింగ్ తీయకు. ఫిల్టర్ నిండ, పంపు నిండ, పైపుల నిండ పాతదే ఉంటది. ఫిల్టర్ గిన్నె విప్పి వంపు, కొత్తది పోసి గాలి తీయ్, అరగంట లోడ్ మీద నడిపినంక మొదలుపెట్టు. ఆ అరగంటల రిటర్న్ పైపును వేరే సీసాలకు పెట్టు, లేకుంటే పాతది వచ్చి కొత్త దాంట్ల కలుస్తది.

కానుగ ముచ్చట చెప్పినవు కాబట్టి అడుగుతున్న. బయోడీజిలేనా, ఉత్త నూనెనా? ఉత్త నూనె డీజిల్ కంటే దాదాపు పదింతలు చిక్కగుంటది. మా దగ్గరికి ఒకాయన గట్లనే నడిపి తెచ్చిండు, నాజిల్ మూతికి బొగ్గు పువ్వు పూసినట్టుంది. మా పాత ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆడోళ్లు కానుగ చెట్ల మీద 2003ల ప్రపంచ బ్యాంకుకు 147 టన్నుల కార్బన్ లెక్క (కార్బన్ క్రెడిట్లు) అమ్మిన్రు. మంచి చెట్టే. నూనెను మాత్రం శుద్ధి చేసి పోయాలె.

గోదావరి గట్టు:

బయోడీజిలే అన్నా, మా కెమిస్ట్రీ ల్యాబ్‌లో చేశారు. కాటా సంగతి అర్థమైంది. మరి లోడ్ కోసం రోప్ బ్రేక్ ఉంచమంటారా? మా సీనియర్లు పాత ఆల్టర్నేటర్ ఇస్తామంటున్నారు, 230 వోల్టులది.

కొలతల మాస్టారు:

రెండూ పనిచేస్తాయి, దేని తలనొప్పి దానిది.

రోప్ బ్రేక్‌లో అందరూ చేసే తప్పు ఒకటుంది. 300 మి.మీ. డ్రమ్ముకి 15 మి.మీ. తాడు చుడితే వ్యాసార్థం 150 కాదు, తాడు మధ్య దాకా లెక్కేసి 157.5. అది మరిచిపోతే పవరు 5 శాతం దాకా తక్కువ వస్తుంది. రికార్డు పుస్తకాల్లో ఈ తప్పు ఎన్నిసార్లు దిద్దానో నాకే లెక్క లేదు. రెండు ఇంధనాలకీ అదే తప్పు ఉంటుంది కాబట్టి పోలిక చెడదు అనొచ్చు. నిజమే. కానీ తాడు వేడెక్కితే పట్టు మారుతుంది, స్ప్రింగ్ కాటా ముల్లు ఊగుతూ ఉంటుంది, పక్కనొకడు నిలబడి డ్రమ్ములో నీళ్లు పోస్తూ ఉండాలి. పది నిమిషాలు ఒకే లోడ్ మీద నిలబెట్టడం కష్టం.

నేనైతే ఆల్టర్నేటర్ తీసుకుంటాను. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి, నీళ్లు కాచుకునే హీటర్ రాడ్లు వేలాడదీసి, ఒక్కో రాడ్డుకి ఒక్కో స్విచ్ పెట్టు. ఉప్పునీళ్లలో పలకలు ముంచే పద్ధతి మాత్రం వద్దు. నీళ్లు వేడెక్కేకొద్దీ లోడు తనంతట తానే పెరుగుతుంది, ప్రాణానికీ ముప్పే. హీటర్ రాడ్డుతో కూడా ఒక చిక్కుంది. వోల్టేజి 2 శాతం పడితే పవరు 4 శాతం పడుతుంది. కాబట్టి "మూడు రాడ్లు, మూడు కిలోవాట్లు" అని రాసెయ్యకు. ఎనర్జీ మీటర్ పెట్టి ఆ పది నిమిషాల యూనిట్లు కొలువు. ఆల్టర్నేటర్‌లో పోయే నష్టం నీకు తెలియదు కాబట్టి ఇంజిన్ అసలు పవరు ఇంత అని రిపోర్టులో రాయలేవు. ఒకే లోడ్ మీద రెండు ఇంధనాలను పోల్చడానికి అది అక్కర్లేదు. అసలు పవరే కావాలంటే ఐఎస్ 10000 అనే భారత ప్రమాణం తీసి చూడు, ఇంజిన్ పరీక్షల పద్ధతులు అందులో భాగాలుగా ఉంటాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. బీ20 ముట్టుకోకముందు డీజిల్‌ని డీజిల్‌తోనే పోల్చు. సోమవారం ఐదు రీడింగులు, ఇంజిన్ ఆపేసి, మంగళవారం మళ్లీ అదే డీజిల్‌తో ఐదు. రెండు రోజుల సగటుకీ తేడా 2 శాతం వస్తే నీ రిగ్ 2 శాతం అబద్ధం చెబుతుందన్నమాట. ఆ రిగ్‌తో బీ20 గురించి ఏం రాసినా దండగ. ముందు ఆ తేడాని అర శాతానికి దించు. తరవాత డీజిల్, బీ20, డీజిల్, బీ20, డీజిల్, ఈ వరసలో నడుపు. ఉదయమంతా డీజిల్, మధ్యాహ్నమంతా బీ20 నడిపితే నువ్వు పోల్చింది ఇంధనాల్ని కాదు, ఎండల్ని.

డీజిల్ షెడ్డు, కరీంనగర్:

ఫ్లైవీల్‌కు, బెల్టుకు జాలీ కొట్టియ్యి. చున్నీలు, కండువాలు దగ్గరికి రానియ్యకు. పొగ గొట్టం బయటికి పెట్టు. ఇంకా ఒక చెక్క పలక గాలి పీల్చే మూతి దగ్గర ఎప్పుడూ ఉంచు. ఇంజిన్ సంప్‌ల (అడుగున ఆయిల్ ఉండే తొట్టిల) ఆయిల్ తనే గుంజుకొని కాల్చుడు మొదలుపెడితే డీజిల్ బంద్ చేసినా ఆగది. మూతికి పలక అడ్డం పెట్టి గాలి ఆపుడే దిక్కు. చెయ్యి మాత్రం పెట్టకు.

ఆయిల్ డబ్బా:

లూబ్రికెంట్ ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేసినవాణ్ని, ఆయిళ్ల సంగతి నేను చెబుతాను. ఇంధనాలు పోల్చడమే కష్టమనుకుంటే ఆయిళ్లు పోల్చడం అంతకు రెట్టింపు.

ఇంత చిన్న ఇంజిన్‌లో రాపిడికి పోయేది ఒక కిలోవాట్ అనుకోండి. మంచి ఆయిల్ దాన్ని 5 శాతం తగ్గించిందనుకుందాం, అంటే 50 వాట్లు. ఫుల్ లోడ్‌లో సిలిండర్ లోపల పుట్టే పవరు 4.7 కిలోవాట్లు, అందులో 50 వాట్లంటే 1 శాతమే. కనపడదు. అందుకని ఆయిల్ పరీక్ష ఫుల్ లోడ్ మీద చెయ్యకండి. ఆల్టర్నేటర్ బెల్టు తీసేసి లోడ్ లేకుండా నడపండి. అప్పుడు కాలిన ఇంధనమంతా రాపిడికే పోతుంది కాబట్టి ఆ 5 శాతం దాదాపు 5గానే బయటపడుతుంది. తాగేది తక్కువ కాబట్టి పది నిమిషాలు చాలవు, అరగంట తూకం వెయ్యండి. గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం) నిలిపే స్పీడు రెండుసార్లూ ఒకటేనా అని టకోమీటర్‌తో చూడండి.

రెండోది ఆయిల్ వేడి. 15డబ్ల్యూ-40 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర సుమారు 14 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) ఉంటుంది, 90 డిగ్రీల దగ్గర 18కి చేరుతుంది. 30 గ్రేడు 100 డిగ్రీల దగ్గర 11 ఉండొచ్చు. అంటే సంప్‌లో పది డిగ్రీల తేడా వస్తే గ్రేడు మారినంత తేడా. సంప్ వేడి నిలకడగా రావడానికి గంట దాటుతుంది. డ్రెయిన్ ప్లగ్‌కి బెజ్జం వేయించి థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టండి, రెండు డిగ్రీల లోపు తేడా ఉన్నప్పుడే రీడింగ్ తీసుకోండి.

మూడోది, పాత ఆయిల్ అంత తేలిగ్గా వదలదు. వేడిగా ఉండగానే దింపి, కొత్తది పోసి కాసేపు నడిపి, దాన్నీ పారబోసి మళ్లీ కొత్తది పోయాలి. రాపిడి తగ్గించే మందులున్న ఆయిలైతే లోహానికి పట్టిన పొర అప్పటికీ ఉంటుంది. అందుకే కార్ల ఆయిళ్లు ఎంత ఇంధనం ఆదా చేస్తాయో చూసే సీక్వెన్స్ 6 పరీక్షల్లో కొత్త ఆయిల్‌కి ముందూ వెనకా ఒకే రిఫరెన్స్ ఆయిల్ నడిపి చూస్తారు. మీరూ అలాగే చెయ్యండి.

అరుగుదల గురించి మాత్రం ఆశ పెట్టుకోవద్దు. కొన్ని గంటల పరుగులో ఏ తేడా తేలదు. మీ కాలేజీలో ఫోర్ బాల్ యంత్రం (ఆయిల్‌లో మూడు ఉక్కు గోళీల మీద నాలుగోదాన్ని ఒత్తి తిప్పేది) ఉంటే 40 కిలోల బరువు, 1200 ఆర్‌పీఎం, 75 డిగ్రీలు, ఒక గంట నడిపి గోళీల మీద మచ్చల వ్యాసం చూడండి. అది ఇంజిన్ కాదు, అయినా ఒక అంకె చేతికొస్తుంది. బీ20 నడిపిన వారంలోనే ఆయిల్ పరీక్ష పెట్టకండి. కాలని బయోడీజిల్ రింగుల పక్కనుంచి సంప్‌లోకి దిగి ఆయిల్‌ని పలచన చేస్తుంది, ఏది దేనివల్ల వచ్చిందో తేల్చలేరు.

గోదావరి గట్టు (నెల తరవాత):

మాస్టారూ, డీజిల్‌కి డీజిల్ పోల్చితే మొదటిసారి 2.8 శాతం తేడా వచ్చింది. నలుగురం తలలు పట్టుకున్నాం. రెండు రోజులు వెతికితే దొరికింది. ఇంజిన్‌కి నీళ్లు కాలేజీ ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వస్తున్నాయి. మధ్యాహ్నానికి ట్యాంకు తగ్గి ధార సన్నబడుతోంది, బయటికొచ్చే నీళ్లు 58 నుంచి 74 డిగ్రీలకి పోతున్నాయి. ఎత్తు మీద ఒక బకెట్ పెట్టి, పైన పొర్లిపోయేలా బెజ్జం కొట్టి, ఎప్పుడూ ఒకే మట్టం ఉండేలా చేశాం. ఇప్పుడు నీళ్లు 68, 69 మధ్యే ఉంటున్నాయి. తేడా 0.6కి దిగింది.

బీ20 వరస కూడా అయింది. గ్రాముల్లో 2.2 శాతం ఎక్కువ తాగింది. శక్తి లెక్కలోకి మారిస్తే రెండూ ఒకటే, తేడా మా తప్పు హద్దులోనే ఉంది. గైడ్ గారు "ఏదో ఒక మెరుగుదల చూపించాలి కదా" అంటున్నారు.

కొలతల మాస్టారు:

0.6 చూపించు, అదే మీ మెరుగుదల. 2.8 నుంచి ఎలా దింపారో బకెట్ బొమ్మతో సహా ఒక పేజీ రాయి. వైవాకి వచ్చేవాడు పని తెలిసినవాడైతే ఆ పేజీ దగ్గరే ఆగుతాడు.

డీజిల్ షెడ్డు, కరీంనగర్:

మంచిగ చేసిన్రు తమ్మీ. ఇంతకీ ఆ బీ20 పోసిన రబ్బరు పైపు మామూలుదేనా? బయోడీజిల్‌కు మామూలు రబ్బరు ఆగది. ఒకసారి ఒత్తి చూడు.

గోదావరి గట్టు:

ఇప్పుడే చూశాను అన్నా. క్లిప్పు దగ్గర ఉబ్బి, బొటనవేలికి మెత్తగా తగులుతోంది. రేపు బయోడీజిల్‌కి తట్టుకునే వైటాన్ రబ్బరు పైపు తెచ్చి మారుస్తాం.