అమ్మకి నీళ్ళంటే భయం, నాన్నకి ఓడ ఎక్కాలని సరదా. ఏం చేయమంటారు?

అమలాపురం అబ్బాయి:
నమస్కారమండీ. ఫిబ్రవరిలో నాన్నగారి షష్టిపూర్తి. అది అయ్యాక ఇద్దర్నీ సింగపూర్ తీసుకెళ్ళి, అక్కడ మూడు రాత్రుల క్రూయిజ్ ఎక్కిద్దామని ఉంది. ఏజెంటు జెంటింగ్ డ్రీమ్ అనే ఓడ చెబుతున్నాడు. 335 మీటర్ల పొడవు, 18 అంతస్తులు, మూడు వేల మందికి పైగా పడతారట. నాన్న అప్పుడే కొత్త చెప్పులు కొనేసుకున్నారు. చిక్కంతా అమ్మతోనే. పుట్టింది సఖినేటిపల్లి, పెళ్ళయ్యేదాకా నరసాపురం వెళ్ళాలంటే పంటు (గోదావరి దాటించే బల్లకట్టు) తప్ప గతి లేదు. అలాంటి మనిషి 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి పాపికొండలు అన్నా లేచి అవతలికి వెళ్ళిపోతోంది. పైగా ఆవకాయ లేనిదే ముద్ద దిగదు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. ఊగుతుందా? తిండి ఎలా ఉంటుంది? పైఖర్చులు ఏమైనా ఉంటాయా?

ముక్తేశ్వరం మాస్టారు:
బాబూ, పోయినేడు మా పిల్లలు నన్నూ మా ఆవిడనీ బలవంతాన ఎక్కించారు. నువ్వన్న ఓడ కాదు, అలాంటిదే ఇంకోటి. పేరెందుకులే.

ఊగడం సంగతి ముందు చెప్తాను. కోటిపల్లి రేవులో పంటు మీదకి కారు ఎక్కితే ఓ పక్కకి ఒరుగుతుంది చూడు, అంత కూడా లేదు. భోజనాల దగ్గర గ్లాసులో మంచినీళ్ళు కదులుతాయేమోనని చూస్తూ కూర్చున్నాను. కదిలితేనా! మా ఆవిడకి అదే అసంతృప్తి. "ఇంత డబ్బు పోసి నీళ్ళు ముట్టుకునే వీల్లేదేంటండీ, పంటు మీదైతే చెయ్యన్నా ముంచేదాన్ని" అని మూడు రోజులూ సణిగింది. పదో అంతస్తు నుంచి సముద్రం చూస్తే మేడ మీద నుంచి వరిచేను చూసినట్టే ఉంది మరి.

గది విషయంలో నేను పీనాసితనం చేశాను. లోపలి గది తీసుకున్నాం, దానికి కిటికీ ఉండదు. మా ఆవిడ అలవాటుగా నాలుగింటికి లేచి, తెల్లారిందో లేదో తెలీక నన్నూ లేపింది. పైకి వెళ్తే కటిక చీకటి. ఇద్దరం అలాగే టీ తాగుతూ తెల్లారేదాకా కూర్చున్నాం. నువ్వు మాత్రం కిటికీ ఉన్న గదే తీసుకో. ఇక ఆ నడవాలు! ఎంత దూరం నడిచినా రెండు వైపులా ఒకేలాంటి తలుపులు. ఒకరోజు వేరేవాళ్ళ తలుపుకి మూడుసార్లు కార్డు పెట్టి చివాట్లు తిన్నాను. ఆఖరికి మా ఆవిడ నుదుటి స్టిక్కరు తీసి మా తలుపుకి అంటించింది. మళ్ళీ దారి తప్పలేదు.

పప్పు, కూర, అన్నం, పెరుగు దొరికాయి. ఆవకాయ మాత్రం మర్చిపో. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వమని స్కానింగు దగ్గరే సీసా తీసేసుకున్నారు. చిన్న రైస్ కుక్కర్ కూడా లాక్కుని చీటీ ఇచ్చారు. దిగేటప్పుడు కుక్కర్ తిరిగిచ్చారు, ఆవకాయ ఇవ్వలేదు.

టికెట్టులో గది, మామూలు భోజనం, రాత్రి ఆటపాటలు వస్తాయి. ఇంటర్నెట్, కూల్‌డ్రింకులు వేరే. మనిషికి రోజుకింత అని సర్వీసు చార్జీ కూడా పడింది. మా ఏజెంటు ఆ ముక్క చెప్పలేదు, ఆఖరి రాత్రి బిల్లు చూసి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లు ఓడ ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టించు. సముద్రం మీద రోమింగు ఛార్జీలు మామూలువి కావు.

నరసాపురం గరిటె:
నేను నాలుగేళ్ళు ఇలాంటి ఓడ వంటశాలలో పనిచేశానండి. మాస్టారికి కదల్లేదంటే వారి అదృష్టం, అందరికీ అలా ఉండదు. ఓడ అడుగున రెండు పక్కలా రెక్కల్లాంటివి నీళ్ళలోకి వస్తాయి. అవి పక్కలకి ఒరగడాన్ని తగ్గిస్తాయి గానీ ముక్కు లేచి పడటాన్ని ఆపలేవు. అందుకని గది ఓడ మధ్యలో, కింది అంతస్తులో అడగండి. సింగపూర్ నుంచి మీరు వెళ్ళే దారిలోని మలక్కా జలసంధికి ఒకపక్క సుమత్రా, ఇంకోపక్క మలేసియా అడ్డం ఉంటాయి కాబట్టి అలలు తక్కువే. తుపాన్ల రోజుల్లో మన బంగాళాఖాతం గురించి అడిగితే మాత్రం ఈ మాట అననండి.

ఓడ ఆగే ఊరు చూసి ట్రిప్పు ఎంచుకోండి. మలేసియాలోని పెనాంగ్‌లో ఓడ జెట్టీకే ఆనుతుంది, నడిచి దిగొచ్చు. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్‌లో పటాంగ్ బీచ్ దగ్గరైతే చాలా పెద్ద ఓడలు దూరంగా లంగరేసి, జనాన్ని చిన్న బోట్లలో ఒడ్డుకి చేరుస్తాయి. మీ అమ్మగారు ఆ బోటు చూశారంటే గది వదిలి బయటికి రారు.

2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఓడ కదలకముందే ప్రయాణికులకి ప్రమాద డ్రిల్లు పెట్టాలన్న నిబంధన గట్టిపడింది. చాలామంది విసుక్కుంటారు గానీ, మీ అమ్మగారిని దగ్గరుండి తీసుకెళ్ళి లైఫ్‌జాకెట్ ఎక్కడుందో, ఎక్కడ గుమికూడాలో చూపించండి. ఓడ మళ్ళీ సింగపూరే వస్తుంది కాబట్టి వీసాలో రెండోసారి ప్రవేశం ఉందో లేదో చూసుకోండి.

పాలకొల్లు బుజ్జి:
మాస్టారూ, ఆ ఆవకాయతో అక్కడెవరో అన్నం కలుపుకునే ఉంటారు.

ముక్తేశ్వరం మాస్టారు:
ఆయ్, నా అనుమానమూ అదే. కొత్త ఆవకాయ కూడాను.

అమలాపురం అబ్బాయి:
అందరికీ థాంక్సండీ. అమ్మకి మొత్తం చదివి వినిపించాను. డ్రిల్లు సంగతి విని ఏమీ అనలేదు. స్టిక్కరు దగ్గర నవ్వింది. "సీసా మొత్తం తీసేసుకున్నారా" అని రెండుసార్లు అడిగింది. పెనాంగ్ ట్రిప్పు, మధ్యలో కిటికీ గది, సర్వీసు చార్జీతో కలిపి ఎంతో రాసిమ్మని ఏజెంటుకి మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.