అప్‌డేట్: మా న్యూరాన్లు ఎందుకు పలకలేదో తెలిసింది

పోయిన నెల నేనడిగింది ఇదీ: చుంచెలుక విజువల్ కార్టెక్స్‌లో (మెదడులో చూపును చూసుకునే భాగం) జీక్యాంప్6ఎస్ వైరస్ ఎక్కించి ఏడు వారాలైంది. జీక్యాంప్6ఎస్ అంటే న్యూరాన్ స్పందించి లోపల కాల్షియం పెరిగినప్పుడు మరింత వెలిగే సెన్సర్ ప్రోటీన్; దాని జన్యువును కణాల్లోకి చేర్చేది వైరస్. మెదడు లోపలి కణాలను లేజర్‌తో చూపే టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ కింద న్యూరాన్లు దీపాల్లా మెరుస్తున్నాయి. కానీ తెరమీద కదిలే చారలు చూపిస్తే ఉలుకూ పలుకూ లేదు, ఎందుకని?

“కణం మధ్యలో చూడు” అన్నవారికి చేతులెత్తి దండం. నేను 920 నానోమీటర్ల లేజర్‌నే అనుమానిస్తూ కూర్చున్నాను. పాత వీడియోలు మళ్లీ తీసి చూస్తే నిజమే, న్యూక్లియస్ కూడా నిండిపోయి కణమంతా ఒకే ముద్దలా వెలుగుతోంది. ఈ సెన్సర్ మామూలుగా న్యూక్లియస్ బయటే ఉండాలి. అతిగా పేరుకుంటే కణమే చెడిపోతుంది. అందులోని కాల్‌మాడ్యులిన్ భాగం పని కాల్షియాన్ని పట్టుకోవడమే కదా, కణం సొంత పనులకే అడ్డొస్తుంది.

ఈసారి వైరస్‌ను పదింతలు పలుచన చేసి, మూడో వారంలోనే రికార్డ్ చేశాం. ప్రతి కణం మధ్యలో నల్లటి చుక్క, చుట్టూ సన్నటి ఉంగరం. నిలువు చారలు రాగానే ఒక కణం గబుక్కున వెలిగి, మెల్లగా ఆరింది. అడ్డ చారలకు అది కదల్లేదు, పక్కది వెలిగింది! ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

చుట్టూ ఉన్న తంతువుల వెలుగు కూడా సిగ్నల్‌లో కలుస్తోంది. దాన్ని 0.7తో గుణించి తీసేస్తున్నాం. వెంటవెంటనే వచ్చే స్పైక్‌లు (న్యూరాన్ విద్యుత్ సంకేతాలు) మాత్రం ఇంకా ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. అందుకే తర్వాతి ఎలుకలకు వేగంగా స్పందించే జీక్యాంప్8ఎఫ్ ఎక్కిస్తున్నాం.